ఎర్రవంకకు ఇచ్చిన సారె

రంగమ్మక్క నోరు మంచిదని నేను చెప్పను. గోడకు గోడ ఆనుకుని కాపురం చేస్తున్నదాన్ని, నాకు తెలియదా! బర్రె పాలు ఎగ్గొట్టినా, మొగుడు నారాయణన్న మజ్జిగలో ఉప్పు ఎక్కువ వేసుకున్నా, నా అంగన్‌వాడీ పిల్లలు ఆమె గడ్డివామి ఎక్కినా ఒకటే గొంతు, ఒకటే తిట్లు. కానీ ఇప్పుడు ఆమెను పిచ్చిదంటున్నారు చూడండి, అది విన్నప్పుడు మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. వాన గట్టిగా పట్టిందంటే చాలు, గొడుగేసుకుని వంక పక్క ఇళ్ల తలుపులన్నీ బాదుతుంది. "లెయ్యండి, బడికాడికి పోదాం" అంటుంది. పొరుగూరి నుంచి వచ్చినవాళ్లు అది చూసి నవ్వుతారు. ఆ పళ్లు రాలగొట్టాలనిపిస్తుంది నాకు. వాళ్లకు జరిగింది తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ఆళ్లగడ్డ నుంచి తూర్పుకు వస్తే నల్లమల మొదట్లో ఉండే చివరి ఊరు మాది. ఎర్రవంక అనే వాగు కొండ దిగి, ఊరిని రాసుకుంటూ పోతుంది. ఏడాదిలో ఎక్కువ నాళ్లు దాంట్లో ఇసుకా గులకరాళ్లూ తప్ప ఏమీ ఉండవు. మేకలు పడుకుంటాయి, పిల్లలు క్రికెట్ ఆడతారు. అలాంటి వంక పారిందంటే మాకు పండగే. మెట్ట సేద్యం చేసుకునేవాళ్లం, నీళ్లను చూసి భయపడటం మాకెవరూ నేర్పలేదు.

ఏటా వంక నిండుగా పారి, ఉరవడి తగ్గిన రోజున గంగమ్మకు సారె ఇస్తాం. చాటలో పసుపు, కుంకుమ, గాజులు, రవికగుడ్డ పెట్టి నీళ్లలో వదలాలి. ఆ ఏడు ఊళ్లోకి వచ్చిన కొత్త కోడలే దాన్ని తీసుకుపోవాలి. ఒడ్డు దిగిందంటే, చాట నీళ్లమీద తేలి సాగిపోయేదాకా ఆమె వెనక్కి తిరగకూడదు. ఎవరూ వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే గంగమ్మ అలిగి వచ్చే ఏడు రాదని మా నమ్మకం. దీన్నంతా దగ్గరుండి నడిపించేది రంగమ్మక్క. అంతకుముందు ఆమె అత్త నడిపించేది.

పోయినేడు ఆ కొత్త కోడలు ఆమె సొంత కోడలే. దీపిక అని, సంజామల పిల్ల. రంగమ్మక్క కొడుకు హరీష్‌ను చేసుకుని వేసవిలో వచ్చింది. అత్త నోరు చూసి మొదట బిత్తరపోయింది కానీ, ఎలా పట్టిందో కిటుకు పట్టేసింది. అత్త తిడుతుంటే "సరే అత్తమ్మా" అని నవ్వేది. ఎదురుచెప్పని మనిషిని ఎంతసేపని తిడతారు? నెల తిరక్కముందే రంగమ్మక్క ఆ పిల్లకు తల దువ్వందే తాను అన్నం తినేది కాదు. "నా కడుపున ఆడపిల్ల పుట్టలే సుకన్యా, ఇట్ల వచ్చింది" అని నాతో అన్నది. ఆ నోటి నుంచి అంత మెత్తని మాట నేను ఎన్నడూ వినలేదు.

ఆ ఎండాకాలమే కొండ తగలబడింది. వెదురు, గడ్డి, పొదలు అన్నీ కాలిపోయి, పైభాగమంతా బోడిగుండులా మిగిలింది. వానలకు ముందు మండలాఫీసు నుంచి అరుణకుమారి అనే అమ్మాయి వచ్చి, బడి వరండాలో మీటింగు పెట్టింది. మట్టిని పట్టి ఉంచే వేర్లు పోయాయి, గట్టివాన పడితే కొండ జారి, మట్టీ బండలూ చెట్లూ కలిసి వంకలో దిగి వస్తాయని చెప్పింది. వంక పొడవునా పరుగెత్తొద్దు, అడ్డంగా పక్క గట్టు ఎక్కమంది. ఒకసారి వచ్చిపోయిందని వెంటనే దిగొద్దు, వెనకాలే ఇంకోటి వస్తుందని చెప్పింది. ఆఖర్న ఒక మాటన్నది.

"వాన పడుతూనే ఉంటుంది, వంకలో నీళ్లు మాత్రం ఉన్నట్టుండి తగ్గిపోతాయి. అప్పుడు సంతోషపడొద్దమ్మా. పైన ఎక్కడో కొండ జారి అడ్డం పడిందని అర్థం. ఆ అడ్డం తెగిందంటే మీకు టైముండదు."

రంగమ్మక్క లేచింది. "ఏమ్మా, నీళ్లొస్తే భయపడమంటావు, నీళ్లు పోతే భయపడమంటావు. మేం నవ్వేదెప్పుడు మే?"

వరండా అంతా గొల్లుమంది. పాపం ఆ అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుని, కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది.

తుపాను వాన పట్టింది. రాత్రీ పగలూ ఒకటే కురిసింది. వంక ఒడ్డు ఒరుసుకుంటూ పారింది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే నీళ్లు మోకాటి లోతుకు దిగిపోయి ఉన్నాయి. వాన మాత్రం సన్నగా పడుతూనే ఉంది. "గంగమ్మ శాంతించింది, సారె ఇచ్చేద్దాం" అని ఆడవాళ్లంతా బయల్దేరారు. హరీష్ నంద్యాలకు పోయి ఉన్నాడు. దీపికకు పసుపు రాసి, కొత్త చీర కట్టి, చాట చేతికిస్తూ రంగమ్మక్క చెప్పిన మాట నా చెవులారా విన్నాను.

"ఎవరు పిలిచినా పలకొద్దు, తిరగొద్దు. నేను పిలిచినా సరే. తెలిసిందా?"

"సరే అత్తమ్మా" అన్నది ఆ పిల్ల.

మేం ఒడ్డున నిలబడ్డాం. దీపిక ఒక్కతే దిగింది. మేం వెళ్లేసరికే నీళ్లు ఇంకా తగ్గి, చీలమండ దాటడం లేదు. చాట పెడితే నేలకు తగులుతోంది. తేలితేనే కదా సారె ముట్టినట్టు! అందుకని ఆ పిల్ల లోతు వెతుక్కుంటూ నడి వంకలోకి పోయింది. అక్కడా లేకపోతే ఇంకా పైకి నడిచింది.

అంతలో గట్టు మీది నుంచి మద్దయ్య పడుతూ లేస్తూ వచ్చాడు. మద్దయ్య కొండ మీది చెంచుగూడెం మనిషి. మా ఊళ్లో అందరికీ తేనె తెచ్చిస్తాడు. ముళ్లకు ఒళ్లంతా గీసుకుపోయి నెత్తురు కారుతోంది.

"ఓ పిల్లా, ఎనక్కి రా! ఎనక్కి వచ్చెయ్!" అని కేకేశాడు.

రంగమ్మక్క అమ్మవారు పూనినట్టు అతని మీదికి పోయింది. "శుభమా అని సారె పోతాంటే ఎనక నుంచి పిలుస్తావేందప్పా? బుద్దుండాదా నీకు?" అని చేత్తో అతని నోరు మూసేసింది. మద్దయ్య ఆ చెయ్యి లాగెయ్యబోతాడు, ఈమె వదలదు. మిగతా ఆడవాళ్లు కూడా అతణ్ణే తిట్టారు. ఆఖరికి ఆమెను విదిలించి కొట్టి అరిచాడు.

"పైన కొండ జారినాదమ్మా! వంక కట్టుకుపోయినాది! నీళ్లు యాడ పోయినాయో సూడు నువ్వే!"

రంగమ్మక్క వంక వైపు చూసింది. వాన పడుతోంది. వంకలో తడి ఇసుక మెరుస్తోంది. ఆమె ముఖం పాలిపోవడం నేను చూశాను. బడి వరండాలో విన్న మాట అప్పటికి తలకెక్కింది.

"దీపికా!"

ఆ గొంతుకు ఊరు ఊరంతా తిరిగి చూసి ఉంటుంది. దీపిక తిరగలేదు.

"దీపికా, వచ్చెయ్ మే! బేగా రా! నేను మే, అత్తను! చాట పారెయ్!"

ఆ పిల్ల తల కూడా కదిలించలేదు. అత్త తనను పరీక్ష పెడుతోందనుకుందో ఏమో! రంగమ్మక్క తిట్టింది, బతిమాలింది, గుండెలు బాదుకుంది. చీర ఎగ్గట్టి వంకలోకి దిగింది. మేమందరం అరిచాం. అప్పటికే పైనుంచి ఉరుము లాంటిది వినిపిస్తోంది, ఆగడం లేదు. కాళ్ల కింద గట్టు అదురుతోంది. తవ్విన గుంతలోంచి వచ్చే పచ్చిమట్టి వాసన గుప్పుమంది.

దీపికకు ఎక్కడో ఇంత మడుగు దొరికింది. వంగి చాట వదిలింది. అది తేలింది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. అప్పుడు మా వైపు తిరిగింది. నవ్వుతూ ఉంది. సరిగ్గా చేశానా అత్తమ్మా అని అడుగుతున్న ముఖం అది. రెండడుగులు వేసింది.

ఆమె వెనక మలుపు తిరిగి వచ్చింది నీళ్లు కాదు. ఇంటెత్తు బురద, దాని ముందర దొర్లుకుంటూ బండలు, నిలువునా లేచిన కాలిన మొద్దులు. ఇంకేం చెప్పమంటారు నన్ను? మద్దయ్య దూకి రంగమ్మక్క జుట్టు పట్టి గట్టు మీదికి ఈడ్చకపోతే ఆమె కూడా పోయేది. ఎందుకు ఈడ్చావని ఆమె అతని చెయ్యి కొరికింది. మగవాళ్లు వెతకడానికి దిగబోతే మద్దయ్యే కర్ర అడ్డం పెట్టి ఆపాడు. అంతలోనే ఇంకోటి వచ్చిపోయింది.

శవం మరునాడు కింద వంతెన దగ్గర దొరికింది. దీపిక తల్లి హేమలత సంజామల నుంచి వచ్చి పడిపోయింది. వియ్యాలవారితో తగువు వస్తుందని భయపడ్డాడో, పెళ్లాన్ని కాపాడుకుందామనుకున్నాడో, నారాయణన్న ఆమెతో ఒక అబద్ధం చెప్పాడు. దూడ వంకలోకి పోతే తోలుకురావడానికి దిగిందని చెప్పాడు. అక్కడున్న ఆడవాళ్లమంతా నేల చూపులు చూశాం. రంగమ్మక్క గోడకానుకుని కూర్చుంది. హరీష్‌కు నాలుగు రోజుల్లో నిజం తెలిసింది. తల్లితో మాటలు మానేశాడు కానీ అత్తగారికి మాత్రం చెప్పలేదు.

రంగమ్మక్క చాలాకాలం తలుపు తీయలేదు. తీసిన రోజు ఆళ్లగడ్డ బస్సెక్కి, అరుణకుమారి దగ్గరికి పోయి కూర్చుంది. "నువ్వు చెప్పిందంతా మళ్లా చెప్పు మే, ఈసారి వింటా" అన్నదట. ఆ అమ్మాయిని వెంటబెట్టుకొచ్చి, వంక మలుపులో ఏ ఇళ్లు ముందు ఖాళీ చేయాలో, ఎత్తున ఉన్న బడికి ఏ దోవన ఎక్కాలో చూపించమంది. ఆ దోవలో కంపచెట్లు తానే కొట్టింది. గూడెంలో మద్దయ్య కొడుకు సురేశ్‌కు ఫోను ఉంది కాబట్టి, పైన ఏమాత్రం తేడా వచ్చినా తనకు ఫోను చెయ్యమని ఒట్టు వేయించుకుంది. సారె మాట ఎత్తితే కొట్టడానికి పోయింది. "చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటాందిలే" అని వాళ్లూ వీళ్లూ అన్నారు. కాలిన చేతికి కాక ఇంకెవరికి తెలుస్తుందిరా ఆ మంట! రెండుసార్లు అందరినీ బడికి తోలుకుపోతే ఏమీ రాలేదు. నారాయణన్నే విసుక్కున్నాడు. ఆమె మళ్లీ తలుపులు బాదడం మానలేదు.

ఈ ఏడు దీపిక ఏడాది దినానికి హేమలత వచ్చింది. పొద్దుటి నుంచి వాన. ఇంట్లో దీపిక ఫోటో ముందు దీపం పెట్టి, వంటలు చేస్తున్నారు. సురేశ్ ఫోను చేసి, పైన బండలు కదులుతున్నాయని, వంక నీళ్లు బురదతో ముద్దగా వస్తున్నాయని చెప్పాడు. రంగమ్మక్క పొయ్యి మీది అన్నం అట్లాగే వదిలేసి లేచింది. దినం నాడు ఇట్లాంటి పనేంటని బంధువులు గొణిగారు. ఆమె వినలేదు. ముసలివాళ్లను మోయించింది, బర్రెల పలుపులు కోయించింది, రానన్నవాణ్ణి చెంప పగలగొట్టి ఎక్కించింది. హేమలత చెయ్యి మాత్రం తాను పట్టుకుని నడిచింది.

అందరం బడి వరండా ఎక్కి నిలబడ్డాక అది వచ్చింది. మలుపులో ఉన్న ఇళ్ల గోడలు మా కళ్ల ముందే కూలిపోయాయి. లోపల ఒక్క ప్రాణి లేదు. పోయినేడు నవ్విన వరండాయే అది. చిన్నగా ఒకరి తర్వాత ఒకరు వచ్చి రంగమ్మక్క చేతులు పట్టుకున్నారు. నారాయణన్న కళ్లు తుడుచుకున్నాడు. హరీష్ దూరంగా స్తంభం దగ్గరే నిలబడ్డాడు.

హేమలత వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఆ బురద వైపు చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇంత మందిని కాపాడినావు వదినా. నా బిడ్డకు కూడా చెప్పే ఉంటావు, వంకలోకి పోవద్దని. దూడ మీద పాణం కొట్టుకుని నీ మాట వినకుండా పోయింటాది. మొండిది. దాని తరపున నేను అడుగుతాండా, తప్పు మన్నించు."

నారాయణన్న గబుక్కున ముందుకొచ్చాడు, ఏదో ఒకటి చెప్పి మాట మళ్లిద్దామని. రంగమ్మక్క చేత్తోనే అతన్ని ఆపింది. హేమలత వైపు తిరిగి, ఆమె రెండు కాళ్లూ పట్టుకుంది.

"దూడ లేదు, ఏం లేదు వదినా. సారె ఇయ్యమని నేనే దింపినా. నేను పిలిచినా తిరగొద్దని చెప్పినా. అది నా మాట వినింది. వినకపోయింటే బతికిండేది."