సినిమా తారల వెంట రాజపాళయానికి ఒక మైక్రోస్కోపు

రాజపాళయం చూడాలనుకునేవాళ్లు ఈమధ్య నన్ను దారి అడుగుతున్నారు. పడమటి కొండలు, తెల్లటి వేటకుక్కలు, ఎన్నో తరాల కిందట వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్ల వీధులు చూడాలని వాళ్ల సరదా. నేను మొదటిసారి వెళ్లింది మాత్రం వీటిలో దేనికోసమూ కాదు. ఒక మైక్రోస్కోపును ఒళ్లో పెట్టుకుని, దాన్ని ఊరివాళ్లకు చూపించడానికి వెళ్లాను. అరవైల మొదట్లో మాట. నాకు ఇరవై నాలుగేళ్లు. గుంటూరు నుంచి వచ్చి మద్రాసులో ఒక క్యాన్సర్ ఆసుపత్రి పరిశోధనశాలలో పనిచేస్తున్నాను. ఆపరేషన్లో తీసిన ముక్కలను ఉల్లిపొర కంటే పలచగా కోసి, రంగు వేసి, గాజు పలక మీద పరిచి డాక్టర్లకు అందించడం నా పని. పరిశోధనకు పరికరాలు కొనాలి, డబ్బు లేదు. సినిమా తారలు కొందరు ముందుకొచ్చి, ఊరూరా వినోద ప్రదర్శన ఇచ్చి విరాళాలు పోగుచేసిపెడతామన్నారు. రాజపాళయం వంతు వచ్చినప్పుడు మా పెద్ద డాక్టరుగారు నన్ను పిలిచి, “ఇచ్చేవాళ్లు దేనికిస్తున్నారో కళ్లారా చూడాలి కదమ్మా. ఒక మైక్రోస్కోపు తీసుకుని నువ్వు వెళ్లు. అక్కడ తెలుగు మాట్లాడతారు, నీకు ఇబ్బంది ఉండదు” అన్నారు.

ఎగ్మూరులో సాయంత్రం బండెక్కాను. మూడో తరగతి టిక్కెట్టు పదిహేను రూపాయల లోపే. మైక్రోస్కోపు పెట్టెను పై అరమీద పెట్టడానికి భయమేసి ఒళ్లోనే ఉంచుకున్నాను. తెల్లవారి విరుదునగరు దాటాక నిద్రమత్తు వదిలింది. అక్కణ్నుంచి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోవడం మంచిది. శ్రీవిల్లిపుత్తూరు వచ్చేసరికి కొండలు బండితోపాటు నడుస్తున్నట్టే ఉంటాయి. ఆ స్టేషన్లో ఆకు దొన్నెలో పాలకోవా కొనుక్కుని తింటూ ఉండగానే రాజపాళయం వచ్చేసింది. స్టేషను బయట గుర్రబ్బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. అర్ధరూపాయికి ఊళ్లో ఎక్కడికైనా దింపుతారు. బండాయన పేరు ఎల్లప్ప నాయకరు. నా మాట వినగానే వెనక్కి తిరిగి, “అమ్మా, మీరు పలికేది తెలుగే కదా? పుస్తకం చదివినట్టుండాది” అన్నాడు. మీ తెలుగు కూడా నాకు కొత్తగానే ఉందన్నాను. “మాది పాతదిమ్మా. మా తాత తాతలు మూట కట్టుకుని తెచ్చినారు” అని గుర్రాన్ని అదిలించాడు. దారి పొడవునా మిల్లుల హోరు వినిపిస్తూనే ఉంది. గాలిలో దూది నలుసులు తేలుతున్నాయి.

నాకు బస సుబ్బమ్మాళ్ గారింట్లో. ఆవిడ భర్తకు ఒక నూలు మిల్లులో వాటా ఉంది. యాభై ఏళ్ల మనిషి, మాట గట్టి, చెయ్యి పెద్దది. నేను వద్దంటున్నా ఇడ్లీల మీద ఇడ్లీలు వేస్తూ, “మద్రాసులో ఏం తింటుండావో ఏమో, ఇట్ల ఉండావు. తిను పాపా” అనేది. అద్దాలు తుడవడానికి మెత్తటి గుడ్డ తేవడం మర్చిపోయానని చెప్పగానే ఎల్లప్ప బండినే మళ్లీ పిలిపించి నన్ను సత్రపట్టి అనే నేతగాళ్ల ఊరికి పంపింది. తూర్పున గంట ప్రయాణం. ఊరు ఊరంతా తెల్లగా ఉతికి ఆరేసినట్టుంది. గాయాలకు కట్టే గుడ్డను బారులు బారులుగా కొయ్యలకు కట్టి ఎండబెడుతున్నారు. దాన్ని చేత్తో పట్టుకోగానే గుర్తుపట్టాను. మా ఆసుపత్రి వార్డుల్లో రోజూ చూసే గుడ్డ ఇలాంటిదే. ఆ మాట చెబితే ఒక నేతగాడి భార్య నేను మూర అడిగితే రెండు మూరలు చించి ఇచ్చి, పైసలు పుచ్చుకోనంది. “మీరు రోగులకు చుట్టేది మా ఇంటిదేనా? చెప్పేదానికి నాకొక మాట దొరికె” అని నవ్వింది.

మధ్యాహ్నం రెండింటికి మిల్లు మైదానానికి వెళ్లాం. వేదిక కడుతున్నారు, వెదురు తడికలతో నాకొక చిన్న పాక కూడా వేశారు. అక్కడే మొదటి చిక్కు వచ్చింది. ఏర్పాట్లు చూస్తున్న పెద్దాయన వెంకటరాజా బోర్డు మీద రోగం పేరు రాయడానికి వీల్లేదన్నాడు. తమిళంలో పుత్తునోయి అంటారు. ఆ పేరు చదివితే జనం గేటు దగ్గర నుంచే వెనక్కి పోతారని ఆయన బెంగ. పోనీ తెలుగులో రాయించండి, మా వైపు రాచపుండు అంటారన్నాను.

ఆయన కళ్లద్దాలు పైకి తోసి నన్ను చూశాడు. “రాచపుండా? ఊర్లో సగం మంది రాజులు. ఆ బోర్డు చూస్తే మావాళ్లంతా ఇది మనకు మాత్రమే వచ్చే నోయి అని ఇంట్లో పండుకుంటారు. వద్దు తాయీ.”

సుబ్బమ్మాళ్ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. చివరికి బోర్డు మీద ‘భూతద్దంలో చూడండి’ అని మాత్రం రాశారు. దాంతో మూడింటికి వచ్చినవాళ్లందరూ అది బయస్కోపు పెట్టె అనుకున్నారు. ఒకాయన కన్ను ఆనించి, ఊదారంగు చుక్కలు తప్ప బొమ్మేదీ కనపడక, “ఎప్పుడు మొదలుపెడతారు?” అని అడిగాడు. అది ఒక మనిషి రొమ్ములో పెరిగిన గడ్డ ముక్క అని చెప్పాను. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. చూస్తే అంటుకుంటుందన్న మాట పది నిమిషాల్లో మైదానమంతా పాకింది. నాలుగింటికి నా పాక ముందు నరపురుగు లేదు. ఇంత దూరం మోసుకొచ్చింది దీనికా అని నాకు ఏడుపొచ్చింది. సుబ్బమ్మాళ్ గారు ఒక్కత్తే బల్ల పక్కన కూర్చుని మళ్లీ మళ్లీ అందులోకి చూసింది. “నేను చూసినాను. నాకేమైనా అయ్యిందా? వీళ్లు చీకట్లో పాముకు భయపడినట్టు భయపడుతుండారు” అని వెళ్లేవాళ్లకు వినపడేలా అంటూ ఉంది. ఎవరూ ఆగలేదు.

అయిదింటికి మధురై దారిలో కార్లు వచ్చాయి. జనం అటు పరుగెత్తారు. నాట్యతార దిగింది, గాయకురాలు దిగింది, ఆఖరి కారులోంచి హాస్యనటుడు దిగాడు. ఆయన పేరు రాయను. తెర మీద ఆయన భుజం కనపడితే చాలు హాలు నవ్వేది. గోదావరి వైపు మనిషి, తమిళ చిత్రాల్లోనూ పేరు తెచ్చుకున్నాడు. వేదిక వైపు నడుస్తూ ఖాళీగా ఉన్న నా పాకను చూసి ఆగాడు.

“ఏమ్మా, ఇక్కడెవరూ లేరేం? మా సినిమా ఆడుతోందా?”

నవ్వాలో ఏడవాలో తెలియక ఉన్నదంతా చెప్పేశాను. ఆయన వంగి కన్ను ఆనించాడు. చుట్టూ చేరినవాళ్లు ఇప్పుడేదో హాస్యమాడతాడని నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. ఆయన చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక గొంతు తగ్గించి, “ఇది ఎవరిది?” అన్నాడు.

“పేరు మాకు చెప్పరండి. ఒకావిడది. తొందరగా వచ్చింది, ఆపరేషన్ చేశారు. బాగుంది. మొన్న పరీక్షకు వచ్చి వెళ్లింది.”

“బతికిందా?” అని మళ్లీ అడిగాడు. అవునన్నాను. వేదిక వైపు వెళ్లిపోయాడు.

ఆరింటికి ప్రదర్శన మొదలైంది. నేల టిక్కెట్టు రెండు రూపాయలు. మిల్లు కూలీలు, సేత్తూరు నుంచి బళ్లు కట్టుకుని వచ్చిన రైతులు, ముందు కుర్చీల్లో మిల్లుల యజమానులు, మైదానం కిటకిటలాడింది. పాట, నాట్యం, టోపీలోంచి కోడిపిల్లలు తీసే ఇంద్రజాలికుడు. తర్వాత హాస్యనటుడు వచ్చాడు. పెళ్లిచూపుల్లో చెవిటి మామగా ఒక ఘట్టం ఆడి, జనం కళ్లు తుడుచుకుంటూ ఉండగా మైకు దగ్గరికి వచ్చాడు. తమిళంలో మాట్లాడాడు. “అక్కడ పాకలో ఒక అద్దం ఉంది. అందులో చూస్తే జబ్బు అంటుకుంటుందట. నేను చూశాను. నన్ను బాగా చూడండి. ఈ ముక్కు ఇలా ఉన్నది అద్దంలో చూడడం వల్ల కాదు, పుట్టుకతోనే ఇంతే.” నవ్వులు తగ్గేదాకా ఆగాడు. “అందులో ఉన్నది బతికిన ఆడమనిషి కథ. భయపడి ఇంట్లో దాక్కుని ఉంటే ఆమె బతికేది కాదు. మీ రెండు రూపాయలు దానికే. వెళ్లి చూసి రండి. మీరు తిరిగి వచ్చేదాకా నేను ఇక్కడే కూర్చుంటాను.” అన్నమాట ప్రకారం వేదిక అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు.

ముందుగా లేచింది వెంకటరాజా. పంచె సర్దుకుని, ఊరంతా చూస్తుండగా నా దగ్గరికి నడిచి వచ్చాడు. ఆయన వెనక పదిమంది, వాళ్ల వెనక వందమంది. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దు గూకిపోయింది. నా మైక్రోస్కోపు పనిచేసేది దాని అడుగున ఉన్న అద్దం మీద పడే ఎండతో. అందులో ఇప్పుడు చీకటి తప్ప ఏమీ లేదు. నేను చేతులూపుతూ అరిస్తే హాస్యనటుడికి అర్థమైంది. దీపాలవాణ్ని పిలిచి, వేదిక మీద తన ముఖానికి కొట్టే పెద్ద దీపాన్ని నా పాక వైపు తిప్పించాడు. తెల్లటి వెలుతురు వచ్చి అద్దంలో పడింది, ఊదా చుక్కలు మళ్లీ మెరిశాయి. అటు వేదిక మీద చీకట్లోనే గాయకురాలు పాట అందుకుంది. ఆ పాట వింటూ జనం వరసగా వచ్చి చూసి వెళ్లారు. కొందరు దణ్ణం పెట్టారు. ఒక ముసలాయన, “ఇంత చిన్నదానికి ఇంత పెద్ద పేరా” అన్నాడు. నా జీవితంలో అంత సంతోషంగా పనిచేసిన సాయంత్రం ఇంకొకటి లేదు.

వరసలో ఒకామె చూసి కదలకుండా నిలబడింది. ముప్ఫై అయిదేళ్లుంటాయి, పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పని అని జుట్టులో దూది చెప్పింది. “అమ్మా, ఇది నొప్పి చేస్తుందా?” అని అడిగింది.

“మొదట్లో ఉండదు. అందుకే చాలామంది తెలుసుకోలేరు.”

“నాకూ నొప్పి లేదు” అని పైట సర్దుకుని వెళ్లిపోయింది.

ఆ మాట నాకు రెండు నిమిషాల తర్వాత గానీ తలకెక్కలేదు. మైక్రోస్కోపును సుబ్బమ్మాళ్ గారికి అప్పగించి జనంలో పడ్డాను. మంచినీళ్ల అండాల దగ్గర దొరికింది. పేరు వీరమ్మ, ఊరు సేత్తూరు. ఆరు నెలలుగా చంకకింద ‘కట్టి’, అంటే గడ్డ, ఉందట, ఎవరికీ చెప్పలేదట. “చెప్తే ఏమవుతుంది? వంట గిన్నెలు వేరు పెడతారు” అంది. నేను డాక్టర్ని కాదు, అది ఏమిటో నాకు తెలియదు, కానీ చూపించుకో, రేపే నాతో రా అన్నాను. తల అడ్డంగా ఊపింది. ఇంతలో వెతుక్కుంటూ సుబ్బమ్మాళ్ గారు వచ్చి సంగతి విని ఆమె చెయ్యి పట్టుకుంది. “నీకు మిల్లులో లీవు నేను చెప్తాను. నీ పిల్లోళ్లకు అన్నం మా ఇంట్లో. ఇంకేముండాది చెప్పు.” వీరమ్మ ఆవిడ చేతిని చూసి, “రైలు ఎన్ని గంటలకు?” అంది.

మర్నాడు సాయంత్రం స్టేషనుకు తన అక్కను వెంటబెట్టుకుని వచ్చింది. మద్రాసులో ఆపరేషన్ జరిగింది, కరెంటు వైద్యమని అందరూ అనే రేడియేషన్ జరిగింది. మూడు నెలలకు ఇంటికి బయలుదేరే ముందు మా గదికి వచ్చి, తనది చూపించమని అడిగింది. స్లైడు పెట్టి ఇచ్చాను. చూసి తల ఎత్తి, “ఇంతేనా?” అంది. తర్వాత చాలా ఏళ్లు పరీక్షలకు వస్తూనే ఉండేది, వచ్చినప్పుడల్లా సంచినిండా మామిడికాయలు తెచ్చేది.

ఆ ప్రదర్శనతో మా పరిశోధనశాలకు కావలసినవి కొన్ని సమకూరాయి. తారలు మరో ఊరికి వెళ్లిపోయారు. నాకు మిగిలింది మాత్రం వేరే. జనానికి ధైర్యం లేదని అంతవరకూ అనుకునేదాన్ని. ముందు నడిచేవాళ్లు ఒకరుంటే చాలు, అది అందరి దగ్గరా ఉంటుందని ఆ మైదానంలో తెలిసింది. అందుకే ఎవరైనా రాజపాళయంలో ఏముందని అడిగితే కొండల కంటే ముందు మనుషుల గురించే చెబుతాను. మీరు వెళ్లేటప్పుడు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఉదయం బండికి దిగి సాయంత్రం బండికి తిరిగి వచ్చేలా టిక్కెట్లు తీసుకోకండి, కనీసం ఒక పూట ఏ పనీ పెట్టుకోకుండా ఉంచుకోండి. మీ తెలుగు చెవినపడగానే ఎవరో ఒకరు ఆపి ఏ ఊరని అడుగుతారు, కూర్చోమంటారు, భోజనానికి ఆకు వేస్తారు. ఆ పూట వాళ్లది.