ఎక్కించని రక్తం

బ్లడ్ బ్యాంకు అక్క పోయిందని మొన్న ఉదయం తమ్ముడు ఖమ్మం నుంచి ఫోన్ చేశాడు. ఖమ్మంలో ఆమె పనిచేసిన దవాఖానాకు రక్తం కోసం వచ్చినవాళ్లెవరికీ ఆమె పేరుతో పనిలేదు, అందరికీ అక్కే. వైరాలో మా ఇంట్లో ఆ వార్త విన్న అమ్మ, తరుగుతున్న బీరకాయ పక్కన పెట్టి, "ఈ పూట నాకు అన్నం వద్దు" అంది.

ఆరేళ్ల కిందట అమ్మకు గుండెలో కవాటం మార్చాల్సి వచ్చింది. నాలుగు సంచుల రక్తం సిద్ధంగా ఉండాలి, ఇచ్చేవాళ్లను మీరే తెచ్చుకోవాలి అన్నారు. డాక్టరు దొరికాక కూడా మనుషుల కోసం తిరిగాం. చివరికి తమ్ముడు, చర్చి నుంచి ముగ్గురు ఒప్పుకుని పొద్దున్నే ఆటో దిగారు.

అక్క ఎవరినైనా ముందు అడిగేది ఒకటే. "ఏం తిన్నరు?"

"ఏం తినలే అక్కా. నిన్నటి సంది ఉపవాస ప్రార్థనల ఉన్నం," అన్నాడు తమ్ముడు, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

"నలుగురా?"

"అవ్."

"ఇగ మంచిగుంది. మీ ప్రార్థన పైకి పోయింది, మీ బీపీ కిందికి పోయింది. సూది గుచ్చితే ఈడ్నే పడతరు. పోండ్రి, కడుపునిండ ఇడ్లీ తినిరాండ్రి."

"ఆపరేషన్ అయ్యేదాంక ముట్టమని దేవునికి మాటిచ్చినం..."

"దేవుడేమన్న అంటే నా మీద చెప్పుండ్రి."

ఆ ఉపవాసం పెట్టించింది నేనే. యూనివర్సిటీలో చదువుకున్నదాన్ని, తిని రావాలని నాకు తెలియదా? తెలిసీ భయంలో మరిచానేమో. ఇప్పటికీ తేల్చుకోలేను. నలుగురూ తిని, కాసేపు కూర్చుని, రక్తమిచ్చారు.

ఆపరేషన్‌లో రెండు సంచులే పట్టాయి. మర్నాడు అమ్మ ముఖం పాలిపోయి కనిపిస్తే అక్క దగ్గరికి పరుగెత్తాను. "మిగిలిన రెండూ ఎక్కించమనండి అక్కా. మా వాళ్లిచ్చిందే కదా."

"డాక్టర్ సారు చూసిండు తల్లీ, రక్తం కారుడు ఆగింది. అక్కర్లేని రక్తం బలం మందు కాదు. ఎక్కించినంక ఊపిరాడక తిప్పలువడ్డోళ్లను చూసిన నేను." రిజిస్టరు తెరుస్తూ చెప్పింది. "భద్రాచలం అవతల అడవి ఊరి నుంచి ఒక పిల్ల వచ్చింది. దానికీ గుండె ఆపరేషనే. అమ్మానాయిన తప్ప ఎవ్వలు రాలే. ఆ తల్లికే ఒంట్ల రక్తం లేదు, ఆమె దగ్గర ఏం తీస్త? గ్రూపు కలిసింది, మీదాంట్ల ఒకటి ఆ పిల్లకిస్తున్న. ఒకటి మీ అమ్మకు ఉంచుత."

"మా అమ్మకు రెండూ కావాల్సొస్తే?"

అక్క ట్యూబుల మీద చీటీలు సరిచేసింది. "నాకు భయం కాదనుకున్నవా? రోజూ అయితది," అంది.

నాకు కోపం తగ్గలేదు. రెండు రోజులు అమ్మ మంచం పక్క, ఎదలోంచి రక్తం బయటికి తీసే గొట్టాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ ఒక్క సంచి కూడా అవసరపడలేదు. వారం దాటాక ఇంటికి వచ్చేశాం.

ఆ తర్వాత అమ్మను చూపించడానికి వెళ్లినప్పుడు రెండుమూడుసార్లు అక్క కనిపించింది. "తిన్నవా?" అని అడిగేది. ఆ పిల్ల ఎలా ఉందని నేను మాత్రం అడగలేదు. సిగ్గుపడ్డానో, ఏం వినాల్సొస్తుందోనని భయపడ్డానో. ఇప్పుడు అడుగుదామంటే అక్క లేదు.

ఫోన్ వచ్చిన ఆ మధ్యాహ్నం అమ్మ తనే లేచి కంచం తెచ్చుకుంది. "తినకుంటే ఊకుంటదా ఆమె? తిడతది," అంది. బీరకాయ కూర వడ్డించాను. అంతలో కరెంటు పోయి ఫ్యాను ఆగింది. అమ్మ ముద్ద కలుపుతోంది. ఆమె ఎదలో లోహపు కవాటం టిక్కు టిక్కుమనడం నాకు వినిపిస్తోంది.