అంజమ్మక్క తెల్లపూత

ఈ ఆషాఢం మొదటి శుక్రవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, ముంబై కామాఠిపురలో, వరుస గదుల మా చాలీ మెట్లు ఎక్కుతుంటే పచ్చికుండ వాసన తగిలింది. పై అంతస్తు సునీత కుండలు చేయడం నేర్చుకుంటోందట. తడిగుడ్డ చుట్టి ఒకటి గుమ్మంలో పెట్టింది. నలభై మూడేళ్లుగా ఆ వాసన వస్తే తప్పుకుని పోతున్నదాన్ని, ఆ రోజు మెట్టు మీదే కూర్చుండిపోయాను.

అంజమ్మక్క మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి మా చాలీలోనే ఉండేది. పగలు ధారావిలో ఒక కుమ్మరి వసారాలో కుండలకు నగిషీ చేసేది. నేను గోదాములో సరుకు లెక్క రాసేదాన్ని. ఆదివారాలు ఆమె దగ్గర నేర్చుకునేదాన్ని. కృష్ణ ఒడ్డున ఏరిన గులకరాయితో పచ్చికుండను రుద్ది నునుపు తేవడం మొదటి పని. తెల్లమట్టి పలచగా పూసి, గాజుముక్కతో గీసి కింది ఎరుపు తేల్చడం రెండోది. పూత ఎప్పుడు వేయాలో ఆమె కుండను చెంపకు ఆనించి చెప్పేది. నేను మాత్రం పుస్తకంలో రాసుకున్నాను: వానాకాలం, తొమ్మిది గంటలు ఆరాలి.

"కుండ ఏమన్న డ్యూటీకి పోతదా పోరీ, టైము రాస్తున్నవ్?" అని నవ్వేది. "చెంపకు పెట్టి చూడు. సల్లగ తగలాలె, తడి అంటొద్దు. గప్పుడే పుయ్యాలె."

"చెంపకు లెక్క ఎట్ల తెలుస్తదక్కా?"

"నీ లెక్కల పాడుగాను!"

ఆ ఏడు బోనాలకు మా చాలీ ఆడవాళ్లు ఆమెకు ఇరవై ఒక్క కుండలు చేయమని చెప్పారు. అక్కకు జ్వరం వచ్చి, పూత నాకు అప్పగించింది. మూడు రోజులుగా వాన లేదు, ఎండ కాస్తోంది. అయినా పుస్తకం ప్రకారం తొమ్మిది గంటలు ఆగాను. అప్పటికే కుండలు ఎండిపోయాయి. ఎండిన మట్టి పూతను పట్టుకోదు. కాల్చాక బాగానే కనిపించాయి. ఊరేగింపులో తలకెత్తుకున్నాక పెచ్చులు లేచి, ఆడవాళ్ల జుట్టులో తెల్లగా రాలాయి.

"ఏందే అంజమ్మా, అమ్మోరి కుండకు గిట్ల పొట్టు రాల్తదా?" అని ఎదురింటి పెద్దమ్మ నిలదీసింది.

"నా చెయ్యే తప్పింది పెద్దమ్మా" అంది అక్క. నేను నోరు తెరవబోతే మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ పూటకు అది నాకు సాకు. ఆ తర్వాతి పదకొండు నెలలకు ఏ సాకూ లేదు.

మరుసటి ఏడు ఆమెకు ఒక్కరూ కుండ చెప్పలేదు. పక్కనే నాగ్‌పాడాలో రంగు వేసినవి కొనుక్కున్నారు. అక్క ఊరికి తిరిగి పోతున్న బుధవారం, బస్సు దగ్గర అడిగింది.

"ఆ పూత ముచ్చట చాలీల జెప్పినవా బిడ్డా?"

"ఇంకా లేదక్కా."

"సరె తీ. గా సంచి అందియ్యి."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో. "ఇంకా లేదక్కా" అన్న నా మాట మాత్రం ఇప్పటికీ నోట్లోనే ఉంది.

పోయినవి రాస్తున్నాను. కుండలు ఇరవై ఒకటి. అక్క బతుకుతెరువు. ఆమె నేర్పుతానని చెప్పి, నేర్పకుండా మిగిలిపోయినవి రెండు: దువ్వెన పళ్లతో అలలు లాగడం, పొగలో కుండను నల్లబరచడం. ఈ ఆషాఢంలో నేను నిజం చెప్పేనాటికి అక్క బతికి లేదు. చాలీలో ఆమెను ఎరిగినవాళ్లు ఇద్దరే మిగిలారు. వాళ్లలో ఒకరికి చెవులు వినపడవు.