చీకటినిచ్చే గుడ్డ

రాత్రి డ్యూటీ నర్సుకు పగలే రాత్రి. కర్టెన్ల కొట్లో అందరూ గుడ్డను వేళ్ళతో నలిపి చూస్తారు. ఆవిడ మాత్రం దాన్నే నెత్తిన ముసుగేసుకుని గుమ్మంలోని ఎండ వైపు తిరుగుతుంది.

"ఈ పువ్వులది వేస్తే గది కళకళలాడిపోతుందక్కా!" అన్నాడు కొట్టతను.

"నాకు కళకళ వద్దు తమ్ముడూ, కన్ను మూతపడితే చాలు."

కొట్లన్నీ తిరిగి కాళ్ళు పీకాక, ముసుగులోంచి ఎండ జాడే తెలియని మందపాటి గుడ్డ దొరికింది. మర్నాడు డ్యూటీ దిగి వచ్చి, దాన్ని కిటికీకి వేలాడదీసి, కట్లకు వాడే ప్లాస్టరుతో అంచులు గోడకు అంటించి పడుకుంది. ఎన్నాళ్ళకో రెప్పలు బరువెక్కాయి. అంతలో తలుపు తెరుచుకుంది. అత్తగారు తడుముకుంటూ వచ్చి, మంచం కోడుకు కాలు కొట్టుకుని, "ఏమిటే ఈ చీకటి గుయ్యారం, కన్ను పొడుచుకున్నా కనపడదు!" అంటూ లైటు వేసింది. కోడలి ముఖం మీదికి వంగి, ఆప్యాయంగా అడిగింది.

"నిద్ర పట్టిందా అమ్మాయ్?"