చిన్నాన్న తల పగిలిన ఫొటో

మనవరాలి ఫోనులో మొహం స్పష్టంగా, చుట్టూ అంతా మసగ్గా ఉన్న ఫొటో చూడగానే నాకు నెత్తురు గుర్తొచ్చింది. క్షమించాలి, మా ఇంట్లో కళ అలాగే పుట్టింది.

అరవైల చివర, కొబ్బరితోటల ఉద్దానంలో మా ఇంటి అరుగు. ఇంటిల్లిపాదినీ ఫొటో తియ్యమని పలాస మావ తన కెమెరా నా చేతికిచ్చాడు. "ఫ్లాషెందుకురా? పొద్దుటి ఎలుగు సాలు. లెన్సు మొత్తం తెరిసీ. నానమ్మ కళ్ళ మీద ఫోకస్ పెట్టు, మిగతావోళ్ళు మసగ్గా పోయినా పర్లేదు."

మన ఈడువాళ్ళకి గుర్తుందా, ఇంటికి ఒకటే చేతుల కుర్చీ? తాతయ్య పోయాక దాంట్లో కూర్చున్నవాడే ఇంటి పెద్ద. దాని వెనక నానమ్మ చేతికర్రతో నిలబడింది. నాన్న కూర్చోబోతే చిన్నాన్న కుర్చీ లాగేశాడు.

"పెద్దోణ్ని నేను!"

"తోటకి సాకిరీ సేసినోణ్ని నేను!"

నాన్న కొబ్బరి మట్ట ఎత్తాడు. ఇద్దరూ కలబడ్డారు. ఫట్‌మంది. ఆ చప్పుడుకి భయంతో నా వేలు మీట నొక్కేసింది. చూస్తే చిన్నాన్న తల పగిలి కొత్త చొక్కా ఎర్రబడింది. భయంతో నా వేలు మీట నొక్కేసింది.

"ఫొటో రానీ అన్నయ్యా, టెక్కలి టేసన్లో కేసెడతాను. జైలుకెల్తావు!"

వారం రోజులు అమ్మకి అన్నం దిగలేదు.

ఫొటో వచ్చింది. అన్నదమ్ములిద్దరూ పొగలా ఉన్నారు. వెనక నానమ్మ మాత్రం కనురెప్పలతో సహా స్పష్టంగా ఉంది. ఆవిడ చేతికర్ర చిన్నాన్న నెత్తి మీద ఉంది.

"అమ్మా! కొట్టింది నువ్వేటి?" అన్నాడు చిన్నాన్న.

"ఇద్దర్నీ కొడదావనే ఎత్తాను. ముందు నువ్వు దొరికావు," అంది నానమ్మ, కర్ర అందుకుంటూ. "మీ అన్నని పిలు."