మొండిఘటం పక్కనున్న బటన్

ఆఫీసులో ఆమెను అందరూ బొటనవేలమ్మ అనేవారు. ఫోన్‌లో ఆడే ఓ సాహసాల ఆటకు తెర మీద ఏ బటన్ ఎక్కడుండాలో, ఏ మెనూ ఎలా తెరుచుకోవాలో తేల్చే ఉద్యోగం ఆమెది. బొటనవేలు అందని మూల కనిపిస్తే చాలు, ఆమెకు అన్నం సహించేది కాదు. కోటలూ రాక్షసులూ గీసేవాళ్లకు చప్పట్లు దక్కేవి. బటన్ బాగుంటే దాన్ని పట్టించుకునే నాథుడే ఉండేవాడు కాదు, బాగోకపోతే తిట్లు మాత్రం నేరుగా ఆమె చెవినే పడేవి.

ఈసారి ఆమెకూ మెప్పు దొరికింది. మెనూలు నత్తనడక నడుస్తున్నాయని ఆటగాళ్లు గోల పెడుతుంటే, ప్రతి పనికీ అడ్డుపడే "నిజంగానేనా?" అన్న ప్రశ్నలన్నీ ఏరి పారేసింది. ఇప్పుడు ఒక్కసారి తాకితే పనైపోతుంది. టీమ్ పెద్ద ఆమెను ఆకాశానికెత్తేశాడు. కుర్చీల్లో జారగిలబడి, రెండు చేతులా ఫోన్ పట్టుకుని అందరూ దాన్ని పరీక్షించారు. ఇంకోలా పట్టుకునేవాళ్లు ఉంటారన్న ఊహే ఎవరికీ తట్టలేదు.

ఆమె అక్క కూడా ఆ ఆట ఆడేది. నిజానికి అక్కాచెల్లెళ్ల కబుర్లన్నీ అందులోనే. ఒకప్పుడు వాళ్లమ్మా ఆడేది. యుద్ధాలంటే గిట్టని ఆ మనిషి, ఓ బక్క గుర్రాన్ని మచ్చిక చేసుకుని, మొండిఘటం అని పేరు పెట్టింది. చివరికి ఆసుపత్రి మంచం మీంచి దాన్ని పెద్దకూతురికి ఆటలోనే కానుకగా పంపి, "నీకు సరైన జోడీ" అంది. ఆ తర్వాత ఎన్నాళ్లో బతకలేదు.

మెనూ మారాక అక్క ఆటలోకి రావడం మానేసింది. అడిగితే పసిదానితో తీరిక లేదంది. పురిటి మంచం మీద కూడా ఆడిన మనిషి ఆ మాటంటే చెల్లెలికి నమ్మబుద్ధి కాలేదు. సెలవురోజు చూసి వాళ్లింటికి వెళ్లింది. సోఫాలో అక్క, ఆమె కుడిచేతి మీద నిద్రపోతున్న పాప.

"ఏదీ, మొండిఘటాన్ని ఓసారి చూపించు."

అక్క మొహం తిప్పుకుంది. "లేదే. పాపకు పాలిస్తూ దానికి మేత పెడదామనుకున్నా. వేలు జారి 'వదిలెయ్' మీద పడింది. అంతే, పోయింది. నీకెలా చెప్పాలో తెలీక ఊరుకున్నా. అమ్మ ఇచ్చిన ఆ ఒక్కదాన్నీ కాపాడుకోలేకపోయాను."

చెల్లెలు ఆ ఫోన్‌ను ఎడమచేత్తోనే పట్టుకుని, బొటనవేలు చాచి చూసింది. 'మేత'కు వెళ్లే దారిలోనే 'వదిలెయ్' తిష్ఠ వేసుకుని ఉంది.

"వేలు జారలేదక్కా. ఆ బటన్ అక్కడ పెట్టింది నేనే. ఇంతకుముందు వదిలేసేముందు ఓసారి అడిగేది. ఆ అడగడం కూడా నేనే తీసేశాను."

"నువ్వు పెడితే మాత్రం, నేను చూసుకోవద్దూ?" అంది అక్క. చెల్లెల్ని వెనకేసుకురావడం ఆమెకు చిన్నప్పటి అలవాటు.

మర్నాడు ఆఫీసులో ఆమె బతిమాలితే, సర్వర్లు చూసే అతను పాత కాపీలు గాలించి, ఇంకాస్త ఆలస్యమైతే అవీ తుడిచేసేవాళ్లమని సణుగుతూనే గుర్రాన్ని వెనక్కి తెచ్చాడు. టీమ్ పెద్దతో మాత్రం పేచీ తప్పలేదు.

"మళ్లీ ప్రశ్న పెడితే ఇంకోసారి నొక్కాల్సొస్తుంది కదమ్మా. మొన్ననేగా అది తీసేసి శభాష్ అనిపించుకున్నావు?"

"కత్తి మార్చుకోడానికి అడగక్కర్లేదు సార్. పోతే మళ్లీ రానివాటికి మాత్రం అడగాలి. 'వద్దు' అనే బటన్ ఏ చేతికైనా అందాలి."

ఆయన గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఈసారి శభాష్ లేదు.

కొత్త మెనూ వచ్చిన సాయంత్రం ఆమె అక్క పక్కనే కూర్చుంది. తెర మీద మొండిఘటం తోకాడిస్తూ నిలబడింది. అక్క మేత పెట్టింది. తర్వాత కావాలనే 'వదిలెయ్' నొక్కింది. "మొండిఘటాన్ని వదిలెయ్యాలా?" అని ఆట అడిగింది. అక్క 'వద్దు' నొక్కింది. మళ్లీ 'వదిలెయ్' నొక్కింది. ఆట మళ్లీ అడిగింది. అక్క మళ్లీ వద్దంది.

"బానే పనిచేస్తోంది కదక్కా. ఇంకెన్నిసార్లు చూస్తావ్?"

"చూడ్డానికి కాదే." అక్క తెర మీంచి కళ్లు తిప్పలేదు. "అమ్మప్పుడు మనల్నెవరూ అడగలేదుగా."

అక్క ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని ఆడుకుంటుందని, చెల్లెలు పాపను మెల్లగా తన ఒళ్లోకి తీసుకుంది.