ఆయుధపూజనాడు వచ్చిన కమిటీ

దేశంలో పనిముట్ల తయారీని మళ్లీ బతికించాలని పెనుకొండలో ఒక కల్యాణమండపంలో మీటింగు పెట్టారు. బ్యానరు కట్టడానికి సుత్తి కావాల్సి వచ్చింది. మండపమంతా వెతికినా దొరకలేదు. నా స్కూటరు డిక్కీలోంచి తీసిచ్చాను. ఆ తర్వాత పూటంతా కూర్చుని స్వదేశీ పనిముట్ల గొప్పతనం విన్నాను. సుత్తి మాత్రం తిరిగి రాలేదు.

హిందూపురంలో నాకో రేకుల షెడ్డుంది. అందులో డైలు చేసేవాళ్లం. డై అంటే రేకును నొక్కి కావాల్సిన ఆకారం తీసే ఉక్కు అచ్చు; ఫ్యాక్టరీల లెక్కలో అదీ పనిముట్టే. మా మేస్త్రీది ధర్మవరం. మగ్గాల ఇంట పుట్టి, మగ్గం వదిలి లేత్ మిషన్ పట్టుకున్న మనిషి. రోజూ పొద్దున్నే రైలెక్కి వచ్చేవాడు. అప్పటికే ఆర్డర్లు సన్నగిల్లి షెడ్డు కొనవూపిరితో ఉంది. మీటింగులో ఒక ఆశ చూపించారు: ఒక డై చేసి, రేకులు నొక్కే ప్రెస్సులో ఆడించి వాళ్లు వేసిన కమిటీకి చూపిస్తే, పెనుకొండ రోడ్డులోని కారు విడిభాగాల ఫ్యాక్టరీకి డైలు మా చేతే చేయిస్తారట. ఆ ఆర్డరు వస్తే షెడ్డు నిలబడుతుంది. రాకపోతే మేస్త్రీకి నేను పని ఇవ్వలేను. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

డై బ్రహ్మాండంగా కుదిరింది. చంటిబిడ్డకు నలుగు పెట్టినట్టు దాన్ని రుద్ది రుద్ది అద్దంలా చేశాడు మేస్త్రీ.

కమిటీ సరిగ్గా ఆయుధపూజనాడు దిగింది. అప్పటికే మిషన్లకు విభూతి పట్టెలు, కుంకుమ బొట్లు, బంతిపూల దండలు పడ్డాయి. వాకిట్లో గుమ్మడికాయ పగిలింది. నేను ఐదు పూటలా నమాజు చేసేవాణ్ణే. అయినా మా నాయన కాలం నుంచీ ఆ రోజు మా షెడ్డులో ఎవరూ స్విచ్ వెయ్యలేదు. పనివాళ్లకు ఆ పట్టింపు ఉంటే నాకూ ఉన్నట్టే.

"ఏదీ, ఒకసారి ఆడించి చూపించండి" అన్నాడు కమిటీ పెద్ద.

మేస్త్రీ చేతులు కట్టుకున్నాడు. "ఈ పొద్దు ముట్టుకోము సార్. ఏడాదంతా తిప్పుతాండాము, ఈ ఒక్క పొద్దు దాన్ని పండుకోనీండి. రేపు పండగైనా నేనొస్తా. మీ కండ్ల ముందర ఎన్ని పీసులు కావాలంటే అన్ని కొట్టి చూపిస్తా."

"గడువు ఈరోజుతో సరి. నేనేం చేసేది?" అని ఆయన రిపోర్టు రాయడానికి బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీశాడు. దాని మూత మీద నిలువునా కుంకుమ బొట్టు. చూసి నాలుక్కరుచుకున్నాడు. పొద్దున ఆఫీసులో పూజ చేశారు కదా, తెరవకూడదు. భక్తిగా కళ్లకద్దుకుని మళ్లీ లోపల పెట్టి, నన్ను కాగితం అడిగాడు. ఆ కాగితం మీద రాశాడు: "యంత్రాలు పనిచేయు స్థితిలో లేవు." నాకు ఒళ్లు మండిపోయింది. పూజ ప్రసాదం బొరుగులు, కొబ్బరిచిప్ప మాత్రం కాదనకుండా పొట్లం కట్టించుకుని పోయాడు.

ఆర్డరు సముద్రం దాటింది. షెడ్డును ఒక చింతపండు వ్యాపారికి అద్దెకిచ్చాను. ధర్మవరం నుంచి రైలెక్కి రావాల్సిన అవసరం మేస్త్రీకి లేకుండా పోయింది.

మొన్న ఆ కారు విడిభాగాల ఫ్యాక్టరీలోనే ఒక సభ పెట్టారు. పనిముట్ల రంగం పుంజుకున్నందుకట. స్థానికులకు ఉద్యోగాలు పెరిగాయని గేటు పక్కనే పెద్ద ఫ్లెక్సీ. చిన్న పరిశ్రమల ప్రతినిధిగా నన్నూ పిలిచారు, షెడ్డులో చింతపండు ఉన్న సంగతి వాళ్లకెవరూ చెప్పలేదేమో. గేటు దగ్గర నీలం యూనిఫాం వేసుకుని, మెడలో విజిల్‌తో నిలబడి ఉన్నాడు మా మేస్త్రీ. పెరిగిన ఉద్యోగాల్లో అదొకటి. నన్ను చూసి సెల్యూట్ కొట్టాడు. ఆ చెయ్యి అలా లేవడం నేను చూడలేకపోయాను, గబుక్కున పట్టుకుని దించాను.

"ఏంది మేస్త్రీ ఇది, నాకా?"

"అలవాటైపోయింది భాయ్" అని నవ్వి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పొద్దున పెద్ద పెట్టె ఒకటి వచ్చిండాది. బయట దేశం డైలంట. గేటు తీసింది నేనే గానీ, నన్ను లోపలికి పోనీరు. నువ్వు పోతాండావు కదా, ఎట్ల చేసినారో బాగా చూసి, వచ్చేటప్పుడు నాకు చెప్తావా?"